ఎల్‌కేజీకి వెళ్లేలోపు డబ్బా మూత తీయడం రావాలి

మీ పాపకు వచ్చే ఏప్రిల్‌కు 4 నిండుతాయి, పగలంతా పక్క వీధి ఆంటీ ఇంట్లో ఉంటుంది, ప్రీస్కూల్‌కు పంపలేదు, జూన్‌లో ఎల్‌కేజీ, వెనకబడుతుందేమోనని టెన్షన్. ఇదే కదా మీరు అడిగింది. నేనూ అలాంటి ఆంటీనే. బెంగళూరులో మారతహళ్లి దగ్గర మా ఇంట్లోనే 9 ఏళ్లుగా పిల్లల్ని చూసుకుంటున్నాను. ఒకేసారి ఆరుగురికి మించి ఒప్పుకోను. ఎక్కువమంది మన తెలుగు ఐటీవాళ్ల పిల్లలే.

ముందు నా తప్పు చెబుతాను. మొదట్లో నాకు ఏబీసీడీల పిచ్చి. సాయంత్రం తల్లి రాగానే నోట్‌బుక్ తెరిచి చూపించాలని ఆరాటం. ఒక బాబుతో 26 అక్షరాలూ రాయించాను, 50 దాకా అంకెలు చెప్పించాను. జూన్‌లో స్కూల్లో చేరాడు. మొదటి వారమంతా డబ్బా ఎలా వెళ్లిందో అలాగే తిరిగొచ్చింది. మూడో రోజు నిక్కరు తడుపుకుని వచ్చాడు. డబ్బా క్లిప్పులు తీయడం వాడికి రాదు. ఎలా వస్తుంది? రెండేళ్లూ నేనే తీసి, నేనే కలిపి, నేనే నోట్లో పెట్టాను. నిక్కరు సంగతి ఇంకా విచిత్రం. "ఒంటికొస్తోంది" అని ఆయమ్మకు చెప్పాడట. ఆమెకు తెలుగు రాదు. కన్నడలో ఒంటి అంటే ఒంటరి. పిల్లాడు దిగులు పడుతున్నాడనుకుని, పాపం, ఒళ్లో కూర్చోబెట్టుకుందట!

అప్పటినుంచి స్కూలుకు వెళ్లబోయే పిల్లలకు నేను మొదట నేర్పేది ఆ మాటలే. ఒంటికి వెళ్లాలంటే కన్నడలోనూ ఒకటి లెక్కే, "ఒందక్కె హోగ్బేకు" అంటారు. అది కాకపోతే "టాయిలెట్" అన్నా చాలు. నీళ్లు కావాలంటే "నీరు బేకు", చాలంటే "సాకు". ఇవి వస్తే ఆయమ్మ దగ్గర రోజు గడిచిపోతుంది. అలాగే బొత్తాల జీన్స్ మానేసి ఎలాస్టిక్ ప్యాంట్లు వేయండి. తనే కిందికి లాక్కోవాలి, తనే కడుక్కోవాలి, తనే పైకి లాక్కోవాలి.

స్కూలుకు పంపబోయే డబ్బా, వాటర్ బాటిల్ మార్చిలోనే కొని ఆంటీ ఇంటికి పంపండి. రోజూ అదే డబ్బా, తనే తీయాలి, తనే తినాలి, ఇరవై నిమిషాల్లో ముగించాలి. ఫోన్ చూపిస్తూ ముద్దలు పెట్టే అలవాటుంటే ఇప్పుడే ఆపాలి, అక్కడ ముప్పైమందికి ఎవరూ పెట్టరు. మొదటి నెల పప్పన్నం వద్దు, ఇడ్లీ ముక్కలో, చపాతీ చుట్టో పంపండి.

రాత గురించి. నా దగ్గరకు వచ్చే ఒక పాప వాళ్ల నాన్న ఎముకల డాక్టర్. మణికట్టులో ఉండే 8 చిన్న ఎముకలు పుట్టినప్పుడు గట్టిపడి ఉండవని, నాలుగేళ్లప్పటికీ ఆ పని పూర్తి కాదని ఆయన చెప్పాక పెన్సిల్ పట్టించి కూర్చోబెట్టడం మానేశాను. చపాతీ పిండి పిసకనివ్వండి. బట్టల క్లిప్పులు తీసి పెట్టనివ్వండి. సుద్దముక్కతో నేల మీద చుక్కలు కలపనివ్వండి. డిసెంబరు, జనవరిలో ఇక్కడ అవరెకాయ కాలం, అదే మన అనపకాయ. నానిన గింజను రెండు వేళ్లతో పితికి పప్పు బయటికి తీస్తారు చూడండి, వేళ్లకు అంతకన్నా మంచి కసరత్తు నేను చూడలేదు. మా పిల్లలు పోటీలు పడతారు. పక్కనే కూర్చోవాలి సుమా, ముక్కులో దూర్చుకునేవాళ్లూ ఉంటారు.

మీ వారు ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడాలంటున్నారని రాశారు. నా మాట వింటే వద్దు. తెలుగులో కథ విని, మళ్లీ తన మాటల్లో చెప్పగల పిల్ల స్కూల్లో ఇంగ్లిష్ తొందరగానే పట్టుకుంటుంది. అరకొర ఇంగ్లిష్ ముక్కలతో పెరిగినవాళ్లు రెండింటిలోనూ తడబడటం చూశాను.

వయసు విషయంలో మీకు ఇబ్బంది లేదు. కర్ణాటకలో ఒకటో తరగతికి జూన్ 1 నాటికి 6 నిండాలన్నది నియమం, వెనక్కి లెక్కేస్తే ఎల్‌కేజీకి 4. 2020 జాతీయ విద్యా విధానం కూడా 3 నుంచి 8 ఏళ్ల వరకు ఒకే దశగా పెట్టి ఆటలతో నేర్పమంటుంది. అయినా ఎల్‌కేజీలోనే పేజీలు పేజీలు రాయించే స్కూళ్లున్నాయి. ఫీజు అడిగేటప్పుడే హోంవర్క్ ఎంతో కూడా అడగండి.

"డేకేర్ అలవాటే కదా, ఏడవదు" అన్నారు. ఏడుస్తుందండి. తనకు అలవాటైంది ఒక ఇల్లు, ఒక మనిషి. మా ఇంట్లో అడిగిన వెంటనే నీళ్లొస్తాయి. స్కూల్లో లైన్లో నిలబడాలి. అందుకే నేను మే నెలలో కావాలనే కాస్త ఆలస్యం చేస్తాను, "ముందు తమ్ముడికి, తర్వాత నీకు" అంటాను. మీ ఆంటీకి కూడా చెప్పండి. మీరు మాత్రం కళ్లుగప్పి జారుకోవద్దు. చెప్పి, ముద్దు పెట్టి, వెళ్లిపోండి. "మూడింటికి వస్తా" అంటే తనకు అర్థం కాదు, "అన్నం తిన్నాక వస్తా" అంటే అర్థమవుతుంది.

నిద్ర వేళలు ఏప్రిల్ చివరినుంచే మార్చండి, వారానికి పావుగంట చొప్పున తొందరగా పడుకోబెట్టి, తొందరగా లేపుతూ. షూస్ వెల్‌క్రోవి కొనండి. ఒక బొమ్మ స్టిక్కర్‌ను సగానికి కత్తిరించి, రెండు షూల లోపల చెరో సగం అంటించండి. పక్కపక్కన పెట్టినప్పుడు బొమ్మ కలిస్తే ఏది ఏ కాలిదో పాపే చూసుకుంటుంది.