తీసివేత లెక్క దగ్గర ఆగు

అమ్మాయ్,

నీ కథ అందింది. ఫోన్లో అక్షరాలు ఆనక, మనవడి చేత ప్రింటు తీయించుకుని రెండుసార్లు చదివాను. మూడో తరగతి పిల్ల, తాగొచ్చి కొట్టే తండ్రి, పరీక్షలో సున్నా. చివర్లో టీచరమ్మ చేరదీయగానే పిల్ల క్లాస్ ఫస్ట్. మొదటి పేజీ బావుంది. చివరి పేజీ చింపెయ్.

కోపం తెచ్చుకోకు. పద్దెనిమిదేళ్లు మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పినవాణ్ని. 'దెబ్బల వల్ల చదువులో వెనకబడింది' అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఎలా వెనకబడింది? నీ కథంతా అక్కడే ఉంది. 52లోంచి 27 తీసెయ్యమని బోర్డు మీద వేస్తాం. రెండులోంచి ఏడు పోదు. పక్కనున్న అయిదు దగ్గర అప్పు తెచ్చుకోవాలి, ఆ అయిదు ఇప్పుడు నాలుగైందని గుర్తుంచుకోవాలి. ఆ నాలుగుని కాసేపు బుర్రలో పట్టి ఉంచగలగాలి, అంతే. రాత్రి నిద్రలేని పిల్ల, తలుపు కిర్రుమంటే ఉలిక్కిపడే పిల్ల, లెక్క చేస్తూనే ఒక చెవి వరండాలో అడుగుల చప్పుడుకి అప్పగించి కూర్చుంటుంది. నాలుగు జారిపోతుంది. 35 అని వేస్తుంది. మనం ఎర్ర పెన్నుతో కొట్టేసి 'ధ్యాస ఎక్కడుంది?' అంటాం. నిజానికి అడగాల్సిన ప్రశ్న అదే, కానీ జవాబు కోసం ఆగం.

నేనూ ఆగలేదు. ఒకసారి ఇలాంటి తప్పుకే ఒక పిల్లాణ్ని స్కేలుతో అరచేతి మీద కొట్టాను. మిగతావాళ్లయితే చెయ్యి లాక్కుంటారు, ఏడుస్తారు, వేళ్లు ఊదుకుంటారు. వాడు చెయ్యి చాపి, గోడకేసి చూస్తూ నించున్నాడు. అది దెబ్బలకి అలవాటుపడ్డ చెయ్యి అని నాకు తట్టడానికి వారం పట్టింది. ఆ తర్వాత వాడు నా క్లాసులో నోరు విప్పి ఎక్కం అప్పజెప్పలేదు. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో దెబ్బల్ని నిషేధించింది. నేను కొట్టింది అంతకు ముందే అని తప్పించుకోలేను.

ఇదంతా ఎందుకంటే, నీ కథలో దుర్మార్గుడు తండ్రి ఒక్కడే. 'మా ఇల్లు అలాంటిది కాదులే' అని పాఠకుడు హాయిగా పేజీ తిప్పేస్తాడు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ సర్వే ఒకటి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగారు. ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్లే. బడికెళ్లే పిల్లల్లో 65 శాతం మంది బడిలోనూ తిన్నామన్నారు. ఈ అంకెలు కథలో పెట్టకు, బాబోయ్. టీచరమ్మ చేతిలో బెత్తం ఉందో లేదో మాత్రం ఒకసారి చూసుకో.

ఇంకోటి. దెబ్బలు తినే పిల్లలందరూ వెనక బెంచీలో ఉండరు. దసరా సెలవులనగానే క్లాసంతా కేకలు పెడుతుంటే, ఒక్క పిల్ల మాత్రం డస్టర్ దులుపుతూ ఉండిపోయేది. మార్కులు ఎప్పుడూ బాగానే వచ్చేవి, అందుకే ఎవరం పట్టించుకోలేదు. ఆ పిల్ల గురించి నేను ఇన్నేళ్లలో కథ రాయలేకపోయాను. నీకు చేతనైతే రాయి.

ఉత్తరం చివర 'ఇది మా వీధిలో నిజంగా జరుగుతున్నదే' అన్నావు. అయితే పిల్ల పేరు, బడి, ఊరు, తండ్రి చేసే పని అన్నీ మార్చెయ్. ఆ పిల్ల ఎవరో తెలిసేలా అచ్చులో రాకూడదని పిల్లల రక్షణ కోసం తెచ్చిన 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కూడా చెబుతోంది. కానీ 'జరుగుతున్నదే' అన్నావు చూడు, ఆ మాట దగ్గరే రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కథ పక్కన పెట్టి ముందు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్. డబ్బులు పడవు, పగలూ రాత్రీ ఎత్తుతారు. చేశాక నాకూ ఒక ఫోన్ కొట్టు. పదింటిదాకా మేలుకునే ఉంటాను.

మాస్టారు