పోలీసుకు చెబితే కుర్రాడి బతుకేమవుతుంది?

ప్రశ్న: మాది కోనసీమ. హైస్కూల్లో సోషల్ చెబుతాను. పదో తరగతి కుర్రాడొకడు రెండు నెలలుగా మారిపోయాడు. ఫోన్లో గ్రూపుల వీడియోలు చూసి ఫలానావాళ్లని నరికితేగానీ బుద్ధి రాదంటున్నాడు. పక్క బెంచీ స్నేహితుడితో మాటలు మానేశాడు. పోలీసులకు చెబితే కేసవుతుందని భయం, చెప్పకపోతే ఏం జరుగుతుందోనని టెన్షన్. ఏం చేయమంటారు మేడమ్?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మీ భయం ఊరికే వచ్చింది కాదు మాస్టారూ. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మార్పు గొడవల్లో ఇళ్లు తగలబడ్డాక, కేసుల్లో ఇరుక్కున్న కుర్రాళ్ల తల్లుల్ని నేనూ చూశాను.

కేసుల్లో పడ్డ పిల్లల సంగతులు విచారించి రిపోర్టు రాసే ప్రొబేషన్ అధికారిగా ఉన్నప్పుడు నేనొక తప్పు చేశాను. ఓ టీచరమ్మ నన్ను నమ్మి ఒక పిల్లాడి నోటుబుక్కు చూపించింది. చివరి పేజీలో కత్తి బొమ్మ, దాని కింద వాడి అన్నని కొట్టినవాడి పేరు. నేను రిపోర్టులో ఆ రెండూ రాయలేదు, 'ఈ బాలుడు ప్రమాదకరం' అని రాశాను. వాణ్ణి స్టేషనుకి పిలిపించారు. ఉన్నది ఉన్నట్టు రాసుంటే ఎవరో ఒకరు ఇంటికెళ్లి అన్న సంగతి అడిగేవారు. ఆ టీచరమ్మ మళ్లీ నాకు ఏ పిల్లాడి గురించీ చెప్పలేదు. అందుకే మీరు చూసింది, విన్నది మాత్రమే తేదీ వేసి రాసుకోండి. వాడికి పేరు పెట్టకండి.

ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఏ హెచ్చరికకి ఏం సర్దుకోవాలో, గేదెల్ని గట్టు మీదికి ఎప్పుడు తోలాలో లంకల్లో అందరికీ తెలుసు. పిల్లల విషయంలో మనకి ఆ మెట్లు లేవు. పోలీసు చెవిన వేయడమంటేనే మూడో హెచ్చరిక ఇచ్చేసినట్టు అనిపిస్తుంది. అందుకే ఎవరూ నోరు విప్పరు.

ఆ మెట్లు మీరే వేసుకోవాలి. 2015 జువనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ప్రతి స్టేషన్లో ఏఎస్సై స్థాయికి తగ్గని బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి. పిల్లలతో మాట్లాడేటప్పుడు ఆయన వీలైనంతవరకు మఫ్టీలో ఉండాలి. హెడ్మాస్టరుగారిని, ఏఎన్ఎంని కలుపుకుని ఈ వారమే ఆయనతో కూర్చోండి. కుర్రాడి పేరు ఎత్తొద్దు. 'ఇలాంటిది చెబితే మీరు మొదట చేసే పనేంటి? ఏది కాగితం మీద పెడతారు? తర్వాత ఏమైందో మాకు చెబుతారా?' అని సూటిగా అడగండి. ఆయన్నీ అడగనివ్వండి. మాస్టార్లు కప్పిపుచ్చుతారన్న అనుమానం వాళ్లకీ ఉంటుంది, నేను విన్నాను. ఏఎన్ఎం కూడా ఇళ్లలో విన్నవన్నీ బయటపెట్టలేరు. ఆ హద్దు కూడా అప్పుడే తేల్చుకోండి.

డెన్మార్క్‌లో బడి, సంక్షేమ శాఖ, పోలీసులు 1970ల నుంచీ మామూలు పిల్లల గొడవల మీద కలిసి పనిచేస్తున్నారు. అక్కడి ఆర్హుస్ నగరం కుర్రాళ్లు సిరియా యుద్ధానికి వెళ్తున్నప్పుడు ఆ పాత పరిచయమే అక్కరకొచ్చింది. బ్రిటన్‌లో 2015లో చట్టం పెట్టి, పిల్లలు ఉగ్రవాదం వైపు మళ్లకుండా చూసే బాధ్యతని బడుల మీద మోపితే, పిల్లలు తమ ముందు మాట్లాడటానికే జంకుతున్నారని చాలామంది టీచర్లు గోలపెట్టారు.

వాడి నోట ఆయుధం మాటో, ఫలానా రోజన్న మాటో వస్తే మాత్రం ఇవేవీ చూడకండి, వెంటనే 112కి ఫోన్ చేయండి. అంతవరకూ రోజూ పలకరిస్తూనే ఉండండి. పక్క బెంచీ అబ్బాయితో కూడా విడిగా మాట్లాడండి. రెండు నెలల కింద ఏం జరిగిందో బహుశా అతనికి తెలిసుంటుంది.