లాకు తలుపు ఎప్పుడు తెరుచుకుంటుంది?

మిత్రులకు నమస్కారం.

మీ నాన్నగారి గురించి మీరు రాసి పంపిన ఇరవై రెండు పేజీలూ రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది. పన్నెండో పేజీ దగ్గర మాత్రం నాకు కోపం వచ్చింది, ఈ ఉత్తరం ఆ కోపంతోనే మొదలుపెట్టాను.

గోదావరి కాలువ మీద లాకు తలుపులు తీసి మూసే లస్కరుగా పనిచేసిన మీ నాన్నగారు తలుపు తీయగానే నీళ్లు ఉరికాయనీ, ధాన్యం పడవ అలల మీద ఎగిరి కిందికి దూకిందనీ రాశారు. అలా జరగదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని కాలువలు పొలాలకు నీరివ్వడంతో పాటు పడవలనూ నడిపించాలి గనకనే, కాలువ మట్టం పడిపోయే చోట్ల లాకులు, అంటే రెండు వైపులా తలుపులున్న నీటి గదులు, కట్టవలసివచ్చింది. పడవ లాకులోకి వచ్చాక ఎగువ తలుపులు మూసి, దిగువన నీరు వదిలే చిన్న షట్టర్లు ఎత్తి, లోపలి నీటిని మెల్లగా వదులుతారు. నీటితో పాటే పడవా జానెడు జానెడుగా దిగుతుంది. రెండు వైపులా మట్టం సమమయ్యేదాకా దిగువ తలుపులు కదలవు, ఎందుకంటే లోపలి నీటి ఒత్తిడే వాటిని బిగించి పట్టుకుంటుంది. ఆ జిల్లాలో రెండేళ్లు ఉద్యోగం వెలగబెట్టిన రోజుల్లో సాయంత్రాలు లాకు గట్టున కూర్చుని ఇదంతా చూశాను. లస్కరు పనిలో సగం కనిపెట్టుకొని ఉండడమే. మీరు ఆయనకు సినిమా హీరో భుజాలు తగిలించి, ఆ ఓపికను కాజేశారు.

ఈ తప్పు నేనూ చేశాను, అందుకే ఇంత మంట. మాది అనంతపురం జిల్లా. మా నాయన కపిల తోలేవాడు, అంటే ఎద్దులతో బావి నీళ్లు తోడేవాడు. ఎద్దులు వాలు మీదుగా దిగుతుంటే ఆయన వాటికి కట్టిన మోకు మీద కూర్చునేవాడు; నీళ్ల బాన బావిలోంచి పైకి వచ్చి దాని తోలు తొండంలో నుంచి నీళ్లు తొట్టిలో పడగానే ఎద్దులు వెనక్కి, వెనక్కే, అడుగు తప్పకుండా ఎక్కేవి. నా మొదటి కథలో ఇదంతా అర పేజీ రాస్తే, ఒక పత్రిక సంపాదకుడు ‘పాఠకుడికి యంత్రాంగం అక్కర్లేదు, హృదయం కావాలి’ అని దాన్ని కొట్టేసి, ‘ఎద్దులు అలుపెరుగక తిరుగుతున్నాయి’ అని ఒక్క వాక్యం చేర్చాడు. అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆశతో నేనూ ఒప్పుకున్నాను. మా అక్క చదివి వినిపిస్తే, నాయన అంతా విని, ‘ఎవురి గురించి రాసినావురా ఇది? మన ఎద్దులేమన్నా గానుగెద్దులా?’ అని లేచి వెళ్లిపోయాడు. ఆ సంపాదకుడి కోవకు చెందినవాళ్లు ఇప్పుడు మరీ ఎక్కువయ్యారు. వాళ్లకు నాన్న అంటే కన్నీళ్లు, పల్లె అంటే పచ్చదనం, అంతే.

మీ నాన్నగారి చిన్నతనపు సాహసాలకు మీరు ఆరు పేజీలు ఇచ్చారు. వేసవిలో కాలువకు నీళ్లు కట్టేసినప్పుడు బురదగుంటల్లో మట్టగిడసలు పట్టడం బాగుంది, చేప జారిపోయిన తీరు ఇంకా బాగుంది. లాకు తలుపు మీద నుంచి దూకడం మాత్రం నమ్మబుద్ధి కాలేదు. షట్టర్లు ఎత్తి ఉన్నప్పుడు అక్కడ నీళ్లు లోపలికి గుంజుతాయి. అది తెలిసిన లస్కరు కొడుకు ఏ వేళకు దూకాడు, ఎటువైపు దూకాడు, మీ తాతగారి చేతిలో ఎన్ని తిన్నాడు? ఇవి ఆయన్నే అడగండి. అడిగేటప్పుడు ఆయన వాడిన మాటలను అలాగే రాసుకోండి, దయచేసి వాటిని పుస్తక భాషలోకి దిద్దవద్దు. పని వివరంగా రాస్తే మనిషి తనంతట తానే వచ్చి నిలబడతాడని నా మొండి నమ్మకం. ఇందుకు నన్ను ఛాదస్తుడని వెక్కిరించినవాళ్లు ఉన్నారు.

కలం పేరు గురించీ, ఏ పత్రికకు పంపాలన్న దాని గురించీ అడిగారు. అవి తర్వాత చూద్దాం.

పదిహేడో పేజీలో ఒక చోట ఆయన అర్ధరాత్రి నిద్రలోంచి లేచి, ‘తలుపు కారుతోంది’ అని లాంతరు పట్టుకుని వెళ్తారు. మీకు వినపడని నీటి చప్పుడు ఆయనకు నిద్రలో వినపడింది. అక్కడ నేను కాగితాలు పక్కన పెట్టి కాసేపు కూర్చున్నాను. మరుసటి వాక్యంలోనే మీరు ‘ఆయన త్యాగమూర్తి’ అన్నారు. పెన్సిలుతో కొట్టేశాను, కోపగించుకోకండి.

మీ ఉత్తరం చివర, ఆయనకు ఇప్పుడు చెవులు సరిగా వినపడడం లేదనీ, పక్క గదిలోంచి పిలిచినా పలకడం లేదనీ మాటవరసకు రాశారు. ఆ సంగతి ఇరవై రెండు పేజీల్లో ఎక్కడా లేదు.