మీ ప్రశ్న – మా జవాబు: విమాన విడిభాగాల కర్మాగారంలో అప్రెంటిస్‌గా ఒక ఏడాది

ప్రశ్న: మెకానికల్ ఇంజనీరింగులో బీటెక్ పూర్తిచేసి, హైదరాబాదు శివార్లలో విమాన విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా చేరి నాలుగు నెలలయింది. డిజైన్ పని నేర్పుతారనుకున్నాను. కానీ డీబర్రింగ్ (కోసిన అంచుల గరుకు తీయడం), పనిముట్ల లెక్క, రూట్ కార్డులు (ఒక్కో భాగానికి జరిగిన పనులు వరుసగా రాసే కాగితాలు) నింపడం తప్ప మరేదీ అప్పగించడం లేదు. స్టైపెండులో సగానికి పైగా హాస్టలుకే పోతోంది. తిరిగి వచ్చి బ్యాంకు పరీక్షలకు చదువుకోమని నాన్న అంటున్నారు. ఈ ఏడాది వృథా అవుతుందా?
— ఒక పాఠకుడు, కోవూరు (నెల్లూరు జిల్లా)

జవాబు: మీరు చెప్పిన మూడు పనులూ నేను కూడా చేశాను, మీ అంత విసుగుతోనే చేశాను. వాటిలో ఏది ఎందుకో చెప్పే తీరిక అప్పట్లో మా సూపర్‌వైజరుకు లేకపోయింది. బహుశా మీ సూపర్‌వైజరుకు కూడా లేదేమో.

ముందు డీబర్రింగ్ సంగతి. డ్రిల్లు దిగిన రంధ్రం అంచున మిగిలే సన్నని లోహపు గరుకు కంటికి సరిగా ఆనదు. గోరు ఆనించి లాగితేనే తగులుతుంది. విమానం పైకెగిరిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి దాని కాయం (మనుషులు కూర్చునే గొట్టం లాంటి భాగం) కొద్దిగా ఉబ్బి, దిగాక మళ్లీ సర్దుకుంటుంది. వేల సార్లు అలా జరిగిన తర్వాత పగులు పుట్టడానికి చోటు వెతుక్కునేది ఇలాంటి అంచుల్లోనే. 1954లో బ్రిటన్ తయారీ కామెట్ జెట్ విమానాలు రెండు గాలిలోనే విచ్ఛిన్నమైనప్పుడు, ఒకదాని శకలాలను సముద్రంలోంచి తీసి, మరొక విమానం కాయాన్ని నీటి తొట్టిలో ఉంచి పదేపదే ఒత్తిడి పెట్టి పరీక్షించి, లోహపు అలసట వల్ల కిటికీల వంటి కోతల మూలల దగ్గర పగుళ్లు మొదలయ్యాయని తేల్చారు.

కాగితాల పని మీద మీకున్న చిన్నచూపు మరీ ప్రమాదకరం. 1990 జూన్ 10న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుంచి బయలుదేరిన ఒక విమానానికి ముందు అద్దం ఊడిపోగా, కెప్టెన్ నడుము దాకా బయటికి కొట్టుకుపోయాడు. తోటి సిబ్బంది కాళ్లు పట్టుకుని ఆపడంతో ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ అద్దాన్ని కొత్తగా బిగించిన 90 బోల్టుల్లో 84 ఉండవలసిన దానికంటే సుమారు 0.66 మిల్లీమీటర్లు సన్నవి. బిగించినాయన అనుభవం లేని మనిషి కాదు. రాత్రి షిఫ్టులో, పుస్తకంలో పార్ట్ నంబరు చూసుకోకుండా, పాత బోల్టును చూసి దానికి సరిజోడుగా కనిపించినవి తెచ్చుకున్నాడు. మీరు నింపే రూట్ కార్డులోని గడులన్నీ ఇలాంటి ‘చూస్తే సరిపోయినట్టే ఉంది’ అనే మాటను అడ్డుకోవడానికి పుట్టినవే.

పనిముట్ల లెక్క గురించి నా అనుభవం ఒకటి చెబుతాను. షిఫ్టు దిగే వేళకు, పనిముట్ల ఆకారంలో గుంటలు కోసి ఉండే బోర్డులో 6 మిల్లీమీటర్ల అలెన్ కీ (బోల్టులు తిప్పే ఆరు పలకల కడ్డీ) చోటు ఖాళీగా కనిపించింది. ఆ లైను మొత్తం ఆపేశారు. అది లోపల ఉండిపోయి విమానం దాకా వెళ్తుందేమోనని, సిద్ధమై బయటికి వెళ్లబోతున్న అసెంబ్లీలను (భాగాలు కలిపి బిగించినవాటిని) విప్పి వెతికారు. దాదాపు మూడు గంటల తర్వాత అది చెత్తడబ్బాలో, నేను చేతులు తుడుచుకుని పడేసిన గుడ్డ మడతలో దొరికింది. ఒక్కరూ కేకలు వేయలేదు కానీ, ఆ రాత్రి జరిగినదంతా నా చేతే రాయించి సంతకం పెట్టించారు.

అయితే ఏడాది పొడుగునా ఇవే చేస్తూ కూర్చోవాలని నా ఉద్దేశం కాదు. ఇప్పుడే లిఖితపూర్వకంగా అడిగి తనిఖీ విభాగానికి మార్పించుకోండి. అక్కడ భాగాలను 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర, గ్రానైటు బల్ల మీద ఎందుకు కొలుస్తారో ఒక్క వారంలో అర్థమవుతుంది. ఉక్కు కంటే ఆ రాయి వేడికి తక్కువగా సాగుతుంది (గ్రానైటు గనులున్న మన చీమకుర్తి వైపు వారికి రాయి గురించి నేను చెప్పడం కొంచెం సాహసమే). మీటరు పొడవున్న అల్యూమినియం భాగం ప్రతి డిగ్రీకి సుమారు 23 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పెరుగుతుంది. రోహిణీ కార్తెలో 40 డిగ్రీల నెల్లూరు ఎండలో కొలిస్తే దాదాపు అర మిల్లీమీటరు తేడా వస్తుంది. ఇది తెలిసిన కుర్రవాడికీ, వెర్నియర్ (చేత్తో పట్టుకుని కొలిచే సాధనం) పట్టుకోవడం మాత్రమే తెలిసిన కుర్రవాడికీ ఇంటర్వ్యూలో ఎంత తేడా కనిపిస్తుందో నేను బల్లకు అవతల కూర్చుని చూశాను.

డబ్బు విషయం దాచిపెట్టను. 2019 నాటి నిబంధనల్లో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌కు నిర్ణయించిన కనీస స్టైపెండు నెలకు 9,000 రూపాయలు. హైదరాబాదులో అది చాలీచాలని మొత్తమే. 1961 నాటి అప్రెంటిస్ చట్టం దృష్టిలో మీరు కార్మికుడు కారు, శిక్షణ పొందే వ్యక్తి మాత్రమే. అయినా పనిలో గాయపడితే పరిహారం ఇవ్వవలసిన బాధ్యత యజమానిదే. మీ ఒప్పందం నమోదైందో లేదో చూసుకోండి. శిక్షణే ఇవ్వకుండా కూలి పని చేయిస్తున్నారని తేలితే, చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్ శిక్షణ మండలికి రాయవచ్చు. ఎనిమిదో నెల వచ్చినా మీరు కొలత యంత్రం ముందు గానీ, సీఎన్‌సీ యంత్రం (కంప్యూటరు నడిపించే కోత యంత్రం) ముందు గానీ నిలబడకపోతే, అప్పుడు మీ నాన్నగారి మాట వినండి. నాలుగో నెలలో మాత్రం వద్దు.

ప్రశ్న: మా అమ్మాయి పాలిటెక్నిక్ డిప్లొమా చేసింది. శ్రీహరికోటలో అప్రెంటిస్‌గా ఎంపికయ్యేలా ఉంది. ఏడాది పూర్తయ్యాక అక్కడే ఉద్యోగం ఇస్తారా?
— ఒక తల్లి, ఒంగోలు

జవాబు: ఇవ్వరమ్మా. శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం చట్టంలో లేదు. శాశ్వత ఉద్యోగాలకు వేరే ప్రకటనలు, వేరే పరీక్షలు ఉంటాయి. అయినా పంపమనే నా సలహా. 1971 అక్టోబరులో చిన్న రోహిణి రాకెట్‌తో మొదలై, 2023 జూలైలో చంద్రయాన్-3 బయలుదేరిన ఆ కేంద్రంలో ఘన ఇంధనం తయారీ కూడా జరుగుతుంది. నిప్పు రవ్వకు తావివ్వకుండా పనిచేసే మనుషుల మధ్య ఒక ఏడాది గడిపిన పిల్లకు ఏ కర్మాగారమూ కొత్తగా అనిపించదు. వసతి వారే చూపుతారో, మీరే చూసుకోవాలో నియామక పత్రంలో చదువుకున్న తర్వాతే సూళ్లూరుపేటలో గదికి అడ్వాన్సు ఇవ్వండి.