2024 డార్ట్స్ ఫైనల్లో లిట్లర్ 4-2తో ముందుండి కూడా ఎందుకు ఓడిపోయాడు?

మీరు అడిగింది ఇదీ: 2024 జనవరి 3న లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో జరిగిన ప్రపంచ డార్ట్స్ ఫైనల్లో ల్యూక్ హంఫ్రీస్ 7-4తో ల్యూక్ లిట్లర్‌ని ఓడించాడు, యావరేజ్ (మూడు డార్టులకి సగటు స్కోరు) చూస్తే హంఫ్రీస్‌ది 103, లిట్లర్‌ది 101, పెద్ద తేడా ఏమీ లేదు, పైగా లిట్లర్ ఒక దశలో 4-2తో ముందున్నాడు, మరి వరసగా అయిదు సెట్లు ఎలా పోగొట్టుకున్నాడు, పదహారేళ్ల కుర్రాడు టెన్షన్ తట్టుకోలేకపోయాడా అని.

టెన్షన్ ఉండే ఉంటుంది, కానీ దానితోనే సరిపెట్టుకుంటే ఆట అర్థం కాదండీ. డార్ట్స్‌లో మ్యాచ్‌లు డబుల్స్ దగ్గర తేలిపోతాయి, అంటే బోర్డు అంచున అంకెకి రెట్టింపు స్కోరు ఇచ్చే సన్నని రింగ్ దగ్గర. యావరేజ్ అనే అంకెలో ఆ సంగతి దాదాపు కనపడదు, అందుకే ఫలితాల పట్టిక మాత్రమే చూసేవాళ్లకి ఇలాంటి మ్యాచ్‌లు వింతగా అనిపిస్తాయి.

నేను ఇంగ్లండ్‌లో లెస్టర్ దగ్గర ఉంటాను. ఆఫీసువాళ్లతో కలిసి పబ్ టీమ్‌లో కొన్నేళ్లుగా ఆడుతున్నాను. ఇక్కడ పబ్ మ్యాచ్‌ల్లో స్కోరు రాయడానికి ఒక మనిషి బోర్డు పక్కనే నిలబడాలి, లెక్కలు చకచకా చెప్పగలడని ఆ పని ఎక్కువగా నాకే వస్తుంది. ఒక్కో ఆటని లెగ్ అంటారు, అందులో 501 నుంచి ప్రతి మూడు డార్టులకీ కొట్టిన స్కోరు తీసివేసుకుంటూ పోవడమే పని, మన ఎక్కాలు బాగా పనికొస్తాయి. స్కోరు రాసేవాడు మొహం బోర్డు వైపే పెట్టుకుని కదలకుండా నిలబడాలి, ఆడేవాడి వైపు తిరగకూడదు, అందుకని నాకు మనిషి కనపడడు, వచ్చి దిగే డార్ట్ మాత్రమే కనపడుతుంది. డబుల్ రింగ్ వెడల్పు 8 మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలి గోరంత. ఎన్నోసార్లు చూశాను, డార్ట్ మొన ఆ రింగ్ బయటి తీగకి ఆనుకుని, లోపలికి కాకుండా బయట నల్లటి భాగంలో దిగుతుంది. దూరం నుంచి చూసేవాళ్లకి డబుల్‌లోనే పడిందనిపిస్తుంది, పక్కనున్న నాకు మాత్రం తీగకి అవతల ఉందని తెలుస్తుంది. ఆ లెగ్ అక్కడే పోతుంది.

ఇప్పుడు లెక్కకి వద్దాం. 501 సరిగ్గా సున్నాకి తేవాలి, ఆఖరి డార్ట్ డబుల్‌లోనే పడాలి (బోర్డు మధ్యలో ఉండే బుల్ కూడా డబుల్ 25 కిందే లెక్క). ఒకడు 15 డార్టుల్లో ముగించాడనుకోండి, వాడి యావరేజ్ 100.2. అవతలివాడు కూడా 15 డార్టులు వేసి 4 మిగుల్చుకున్నాడు, అంటే 497 కొట్టాడు, వాడి యావరేజ్ 99.4. ఒకడు గెలిచాడు, ఒకడు ఓడాడు, యావరేజ్‌లో తేడా పాయింటు కూడా లేదు. ఇదే వరసగా మూడు లెగ్‌లలో జరిగితే సెట్టు 3-0తో పోతుంది, అంకెలు మాత్రం ఇద్దరూ సమానంగా ఆడినట్టే చూపిస్తాయి.

సెట్ పద్ధతి దీన్ని ఇంకా పెద్దది చేస్తుంది. ముందుగా మూడు లెగ్‌లు గెలిచినవాడిది సెట్టు, ఫైనల్లో ముందుగా ఏడు సెట్లు గెలిచినవాడిది కప్పు. 3-2తో పోగొట్టుకున్న సెట్టులో గెలిచిన ఆ రెండు లెగ్‌లకీ విలువేమీ లేదు, మళ్లీ మొదటినుంచి మొదలు. కాబట్టి ఒక సెట్టు ఆఖర్లో తప్పిన ఒక్క డార్ట్ ఒక లెగ్ కాదు, మొత్తం సెట్టునే పట్టుకుపోతుంది.

ఫైనల్లో జరిగింది అచ్చంగా ఇదే. లిట్లర్ 4-2తో ఉన్నాడు, ఏడో సెట్టులో డబుల్ 2 కొడితే 5-2 అయ్యేది. తప్పింది. హంఫ్రీస్ ఆ సెట్టు తీసుకున్నాడు, 4-3. 5-2 అయి ఉంటే హంఫ్రీస్ ఇంకా అయిదు సెట్లు గెలవాలి, లిట్లర్‌కి రెండు చాలు. 4-3 అయ్యేసరికి నాలుగు, మూడు. ఒక్క డార్ట్‌తో ఇంత మారిపోయింది.

అది డబుల్ 2 కావడం కూడా చిన్న విషయం కాదు. అన్ని డబుల్స్ సైజు ఒకటే, కానీ 4 మిగిలినప్పుడు వెనకడుగు వేయడానికి చోటుండదు. 32 మిగిలితే డబుల్ 16 వేస్తారు, కాస్త లోపలికి పడితే 16 మిగులుతుంది, అప్పుడు డబుల్ 8, అదీ లోపలికి పడితే డబుల్ 4, ఇలా సగం సగం అవుతూ పోతుంది కాబట్టి చేతికి ధైర్యం ఉంటుంది. డబుల్ 2 కి అటూ ఇటూ 15, 17 ఉంటాయి, పక్కకి జారితే స్కోరు మించిపోయి ఆ వంతు మొత్తం రద్దు. లోపలికి పడితే 2 మిగులుతుంది, ఇక డబుల్ 1 ఒక్కటే గతి, అది కూడా లోపలికి పడితే మళ్లీ రద్దే. అందుకే అక్కడ చాలామంది కావాలనే బయటి తీగ వైపు గురిపెడతారు, బయటికి పోతే కనీసం 4 అలాగే ఉంటుంది కదా అని. మా పబ్‌లో బాగా ఆడే పెద్దాయన ఒకరు 36 మిగిలితే ఆలోచించకుండా వేసేస్తారు, 4 మిగిలితే మాత్రం కాళ్లు సర్దుకుని, ఊపిరి పీల్చి వదిలి, అప్పుడు వేస్తారు.

పిల్లాడు బెదిరిపోయాడు అనే మాట నేను ఒప్పుకోను. అదే టోర్నీలో అయిదుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన రేమండ్ వాన్ బార్నెవెల్డ్‌ని 4-1తో, సెమీస్‌లో 2018 ఛాంపియన్ రాబ్ క్రాస్‌ని 6-2తో కొట్టినవాడు అతను. అటువైపు హంఫ్రీస్ మామూలు ఆటగాడు కాదు, అంతకుముందు కొన్ని నెలల్లోనే మూడు పెద్ద టోర్నీలు గెలిచి వచ్చాడు. ఈ టోర్నీలోనే పీట్రెచ్కో మీద 4-3, జో కల్లెన్ మీద 4-3, రెండు మ్యాచ్‌ల్లోనూ ఆఖరి సెట్టు దాకా వెళ్లి బయటపడ్డాడు, ఆ తర్వాత సెమీస్‌లో స్కాట్ విలియమ్స్‌ని 6-0తో చిత్తు చేశాడు. నాకు తెలిసినంతలో అలా ప్రాణం మీదికి తెచ్చుకుని గెలిచినవాడికి తర్వాత మ్యాచ్‌లో డబుల్ దగ్గర చెయ్యి తేలిగ్గా ఆడుతుంది. 4-2తో వెనకబడ్డప్పుడు అతని మొహంలో కంగారు నాకైతే కనపడలేదు.

ఇంకా నమ్మకం కుదరకపోతే 2023 ఫైనల్ రెండో సెట్టులో ఒక లెగ్ ఉంది, దయచేసి చూడండి. మైకేల్ వాన్ గెర్వెన్ వరసగా ఎనిమిది డార్టులు లోపం లేకుండా వేశాడు, తొమ్మిదోది డబుల్ 12 మీద పడితే తొమ్మిది డార్టుల్లో 501 పూర్తి, అంతకంటే తక్కువలో ముగించడం ఎవరికీ సాధ్యం కాదు. వెంట్రుకవాసిలో తప్పింది. వెంటనే మైకేల్ స్మిత్ వచ్చి అదే డబుల్ 12 కొట్టి తన తొమ్మిది డార్టులు పూర్తిచేశాడు. ఎనిమిది డార్టులు అంత గొప్పగా వేసినవాడు లెగ్ ఓడిపోయాడు! ఆ ఫైనల్ కూడా 7-4తోనే స్మిత్ గెలిచాడు. ఆ లెగ్ ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

2025లో లిట్లర్ కథ తిరగబడింది. ఫైనల్లో అదే వాన్ గెర్వెన్‌ మీద మొదటి నాలుగు సెట్లూ గెలిచి 4-0 చేశాడు, చివరికి 7-3. యావరేజ్‌లు మళ్లీ అలాగే, ఒకరిది 102 పైన, ఇంకొకరిది 100 పైన. అంటే మొదటి నాలుగు సెట్లు తీసేస్తే మిగతాది 3-3, సమానం. వాన్ గెర్వెన్ ఆ మొదటి గంటలో నిలదొక్కుకుని ఉంటే మ్యాచ్ వేరేలా ఉండేదని ఇప్పటికీ అనుకుంటాను. లిట్లర్ మాత్రం పదిహేడేళ్లకే, పద్దెనిమిది నిండకుండానే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, ఈ టోర్నీలో అంతకుముందు ఆ రికార్డు 24 ఏళ్లకి గెలిచిన వాన్ గెర్వెన్‌దే.

ఒకసారి టికెట్ దొరికి అలెగ్జాండ్రా ప్యాలెస్‌కి వెళ్లాను. హాల్లో బల్లల దగ్గర కూర్చుంటే డార్ట్ ఎక్కడ పడిందో కంటికి ఆనదు, అందరూ పెద్ద స్క్రీన్లే చూస్తారు, వేషాలు వేసుకుని పాటలు పాడుతూ ఒకటే గోల. ఆ గోలలో 2.37 మీటర్ల దూరం నుంచి 8 మిల్లీమీటర్ల రింగ్‌లో వేయాలి. ఆ హాల్లో మనవాడు నితిన్ కుమార్ 2025 డిసెంబర్‌లో మ్యాచ్ గెలిచి, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో గెలిచిన తొలి భారతీయుడయ్యాడు, 3-2తో, అదీ ఆఖరి సెట్టులో. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇకమీదట ఫలితాలు చూసేటప్పుడు యావరేజ్ పక్కనే చెకౌట్ శాతం అని ఇస్తారు, డబుల్‌కి వేసిన డార్టుల్లో ఎన్ని పడ్డాయన్నది అది, ముందు దాన్ని చూడండి. 3-2తో ముగిసిన సెట్లు ఎన్ని ఎవరికి వెళ్లాయో లెక్కపెట్టండి. 2024 ఫైనల్ మొత్తం చూసే తీరిక లేకపోతే ఏడో సెట్టు నుంచి పెట్టుకోండి, హంఫ్రీస్ అయిదు సెట్లూ ఎలా లాక్కున్నాడో మీకే తెలిసిపోతుంది.