రబ్బరు పెట్టగానే ఇంకు గీత వెలిసిపోతుంటే

పెన్సిల్ బొమ్మ మీద ఇంకుతో గీసి, తర్వాత పెన్సిల్ చెరిపితే ఇంకు కూడా వెలిసిపోతోందని అడిగారు కదా. ఇంకు కింద వేసిన 6బి (బాగా మెత్తటి, నల్లటి) పెన్సిల్ వల్లే ఇలా అవుతోంది, పెన్ను మార్చి లాభం లేదు. మెత్తటి గ్రాఫైట్ మందంగా పడితే ఇంకు కాగితంలోకి దిగదు, ఆ పొడి మీదే ఆరుతుంది. రబ్బరుతో రుద్దితే పొడితో పాటు ఇంకూ లేస్తుంది. పాకాల చెరువు గట్టు మీద మీరు గీసిన చింతచెట్టు కాండం బూడిదరంగుకు తిరిగింది అందుకే.

1. తొలి గీతలు 6బి కన్నా గట్టివైన హెచ్‌బి లేదా 2హెచ్‌తో, చెయ్యి తేలిగ్గా ఆనించి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఇంకు పెట్టకముందే పెన్సిల్‌ను పలచన చెయ్యాలి. ముద్దలా పిసికే నీడెడ్ ఎరేజర్‌ను గీతల మీద అద్ది ఎత్తండి. రుద్దొద్దు, కాగితం నూగు లేస్తే ఇంకు పీల్చుకుని గీత చెదురుతుంది. దగ్గరికి పెట్టుకుని చూస్తే కనబడేంత గీత మిగిలితే చాలు.

3. ఇంకు బాగా ఆరనివ్వండి. వానాకాలం చెరువు గాలికి ఇంకా ఆలస్యం. నేనైతే ఇంటికొచ్చి మర్నాడే రబ్బరు పట్టుకుంటా.

4. ముదురు నీడలకు 6బి చివర్లో.

వాష్ (నీళ్లు కలిపిన పలచటి రంగు పూత) వేస్తే ఇంకు గీత పాకుతోందన్నారు, అది వేరే సంగతి. మామూలు ఫౌంటెన్ పెన్ ఇంకు చాలావరకు నీళ్లలో కరిగేదే. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్న పిగ్మెంట్ (నీళ్లలో కరగని రంగుపొడి) ఇంకు పెన్ను తీసుకోండి.