నటి నిషెల్ నికొల్స్‌కీ నాసాకీ ఏమిటి సంబంధం?

1966లో అమెరికా టీవీలో మొదలైన ‘స్టార్ ట్రెక్’లో ఆమె లెఫ్టినెంట్ ఉహురా. ఎర్ర యూనిఫాం, చెవిలో రిసీవర్, అంతరిక్ష నౌక సమాచార వ్యవస్థంతా ఆమె చేతిలోనే. నల్లజాతి స్త్రీలకు ఎక్కువగా పనిమనిషి వేషాలే దక్కే రోజులవి. మొదటి సీజన్ కాగానే మానేద్దామనుకుంటే, మార్టిన్ లూథర్ కింగ్ వద్దని పట్టుబట్టారట. ఈ ముచ్చట ఆమే చెప్పేవారు.

నా లెక్కలో అసలు గొప్ప పని ఆ తర్వాతది. 1977లో నాసా తరఫున ఊరూరా తిరిగి, వ్యోమగామి ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టమని మహిళల్నీ నల్లజాతివాళ్లనీ అడిగారు. అంతకుముందు అదే నాసాను మొహమాటం లేకుండా విమర్శించిన మనిషి! 1978లో ఎంపికైన 35 మందిలో ఆరుగురు మహిళలు, ముగ్గురు నల్లజాతి పురుషులు. 1992లో అంతరిక్షానికి వెళ్లిన తొలి నల్లజాతి మహిళ మే జెమిసన్ అయితే చిన్నప్పుడు ఉహురాను చూస్తూ పెరిగినవారే.